మల్లవ్వ పేరిట నక్షత్రం

అక్టోబర్ 5, ఆదివారం

మా ఆయన కృష్ణమోహన్‌కి ఎరువుల దుకాణం వాళ్లు జనవరిలో ఇచ్చిన డైరీ ఇది. ఇన్నాళ్లూ బియ్యం డబ్బాకు మూతగా పనిచేసింది. ఈ రోజు నుంచి నాది. మనసులో ఉన్నది ఎవరికైనా చెబితే సునీత గొప్పలు పోతోంది అంటారు, చెప్పకపోతే నాకు అన్నం సహించదు.

సంగతేమంటే, మా చర్చిలో ఈ క్రిస్మస్‌కి కొత్త కార్యక్రమం పెట్టారు. ప్రభువు సంగతి తెలియని మనిషిని ఒకరిని ఎంచుకోవాలి. ఆ పేరు కాగితపు నక్షత్రం మీద రాసి చర్చి గోడకి కట్టాలి. ఆ మనిషి కోసం ప్రార్థన చేస్తూ, చెప్పాల్సింది చెబుతూ, పండుగ నాటికి చేయి పట్టుకుని ఆరాధనకు తీసుకురావాలి. పాస్టరయ్య మాట పూర్తి కాకముందే నా చేయి లేచింది. చర్చి మొత్తంలో మొదటి చేయి నాదే. ఎర్ర స్కెచ్ పెన్ను తీసుకుని ఇంతింత అక్షరాలతో రాశాను, మల్లవ్వ అని.

ఇంకెవరి పేరు రాస్తాను? కొత్తవాడ షెడ్డులో ఇద్దరం ఒకే మగ్గం మీద కూర్చుంటాం. పెళ్లి మంటపాల్లో పరిచే అంత వెడల్పు జంపఖానా ఒక్క మనిషి చేతులకు అందదు. ఆ చివర ఆమె, ఈ చివర నేను. పడుగు దారాల మధ్య నుంచి ఆమె నాడె తోస్తే నేను అందుకోవాలి, నేను తోస్తే ఆమె అందుకోవాలి. వర్ధన్నపేట నుంచి పెళ్లయి వచ్చిన నాకు నాడె పట్టుకోవడం నేర్పింది ఆమే. సొంత అక్క కూడా అంత ఓపికగా నేర్పదు. ఆమెకి ప్రభువు సంగతి ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నాను. ఇంకా చెవికెక్కలేదంటే నేను సరిగ్గా చెప్పలేదన్నమాట. ఇప్పుడు సరిగ్గా చెబుతాను.

ఇంటికొచ్చేటప్పుడు మా ఆయన ఒకే మాట అడిగాడు.

"ఆమెను అడిగినవా?"

"ఏమని?"

"పేరు రాస్తానని."

"మంచి పనికి అడుగుడేందయ్యా?"

ఆయన ఇంకేమీ అనకుండా స్కూటర్ కిక్కు కొట్టాడు. కేసముద్రం మార్కెట్ యార్డులో రోజంతా కాంటా ముందు నిలబడతాడు కదా, ఇంట్లో కూడా ప్రతి మాటనీ తూకం వేస్తాడు.

అక్టోబర్ 6

ఈ రోజు ప్రభువు సంగతి ఎత్తలేదు. తొందరపడకు, మెల్లగా వెళ్లు అని పాస్టరమ్మ చెప్పింది. అందుకని వాన గురించి మాత్రమే మాట్లాడాను. వాన దగ్గర నుంచి మాట దానంతటదే నోవహు ఓడ దాకా వెళ్లింది. అది నా తప్పు కాదు.

మల్లవ్వ శ్రద్ధగానే విన్నది.

"అన్ని జంతువులు ఎక్కినయా?"

"అన్ని ఎక్కినయక్కా. జతలు జతలు."

"ఏనుగులు గూడ?"

"ఏనుగులు గూడ."

"మరి పెండ ఎవలెత్తిండ్రు?"

షెడ్డంతా ఒకటే నవ్వు. పక్క మగ్గం మీది చిలుకమ్మ అయితే నూలు కండెల గంప తన్నేసింది. నాకు ఒళ్లు మండింది. నేను లోకం మునిగిపోయిన సంగతి చెబుతుంటే ఈమెకు పేడ గుర్తుకొచ్చింది. అన్నాల వేళ దాకా ఆమె అదే ఆలోచించింది. చివరకు, "ఆయన పెండ్లామే ఎత్తి ఉంటది, పాపం" అని తేల్చింది.

అయినా ప్రశ్నలు అడుగుతోందంటే ఆసక్తి ఉన్నట్టే కదా.

అక్టోబర్ 9

ఈ రోజు ఒక్క మాట కూడా చెప్పలేదు. గొంతు పట్టేసింది.

అక్టోబర్ 14

కరపత్రాలు తెచ్చాను. అట్టలాంటి మందపాటి కాగితం. దాని మీద గొర్రెపిల్లను భుజాన వేసుకున్న ప్రభువు బొమ్మ ఉంది. మల్లవ్వకు చదువు రాదు కానీ బొమ్మ చూసి అడుగుతుందని నా ఆలోచన. ఆమె కండెల గంపలో అనుకోకుండా పడిపోయినట్టు పెట్టాను.

ఆమె తీసింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. ప్రభువా, ఇప్పుడు అడుగుతుంది అనుకున్నాను. జాగ్రత్తగా నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న తన పీట కాలు కింద దోపి, కూర్చుని చూసుకుంది.

"సునీతా, గిసొంటియి ఇంక రెండున్నయా? మందం మంచిగున్నది. చిలుకమ్మ పీట గూడ ఊగుతాంది."

ఇచ్చాను. ఏం చేస్తాను?

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పి ఏడవబోయాను. ఆయన నవ్వాడు. "పోనీ తియ్యి. ఆయన పని ఆయన చేస్తాండు. మోస్తాండు గదా ఆమెను" అన్నాడు.

అక్టోబర్ 19, ఆదివారం

ఎవరి పని ఎంతదాకా వచ్చిందో చెప్పమన్నారు. లేచి నిలబడి చెప్పాను. మల్లవ్వక్క చాలా దగ్గరకొచ్చింది, వాక్యం చెబుతుంటే ప్రశ్నలు అడుగుతోంది, కరపత్రాలు తానే అడిగి మరీ తీసుకుంది అని. ఇందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. అందరూ చప్పట్లు కొట్టారు.

బయట చెప్పులు వేసుకుంటుంటే యూత్ లీడర్ ఓంప్రకాశ్ వచ్చాడు. "అక్కా, గింత దగ్గరికొస్తే ఇంక ఆలస్యమెందుకు? మా టీమ్ వచ్చి ఒక్క పాట పాడితే అయిపోతది" అన్నాడు.

రండి అన్నాను. అన్నానా? అన్నాను.

అక్టోబర్ 27, సోమవారం

రాయాలని లేదు. రాస్తాను.

అన్నాలు తిని మళ్లీ మగ్గాల మీద కూర్చున్నాం. షెడ్డు తలుపు దగ్గర గిటార్ కనబడింది. దాని వెనక ఓంప్రకాశ్, అతని వెనక చర్చి పిల్లలు. అందరివీ ఇస్త్రీ బట్టలు. షెడ్డులో దుమ్ము వాళ్ల మీద పడకుండా ఒక పక్కకు వరసగా నిలబడ్డారు.

"మల్లవ్వ గారంటే ఎవరండి?"

చిలుకమ్మ చెయ్యెత్తి చూపించింది.

"అమ్మా, మీ కోసం మా చర్చి మొత్తం ప్రార్థన చేస్తాంది. మీ పేరు నక్షత్రం మీద రాసి గోడకు కట్టినం. క్రిస్మస్‌కు మీరు మా దగ్గరికి వస్తాన్నరు గదా, ముందుగాల్నే పలకరిద్దామని వచ్చినం."

"నా పేరా? ఎవలు రాసిండ్రు?"

"సునీతక్క."

పాట బాగానే పాడారు. ఇంకెప్పుడైనా అయితే నేనూ గొంతు కలిపేదాన్ని. పాట అయిపోగానే చిలుకమ్మ అందుకుంది. "ఏందే మల్లవ్వా, మల్లన్న దేవున్ని ఇడిసిపెట్టి పోతానవట. మాకు చెప్పనన్న చెప్పకపోతివి!" కొందరు నవ్వారు, కొందరు నవ్వలేదు. నవ్వనివాళ్ల ముఖాలు చూస్తే భయమేసింది.

షెడ్డు యజమాని వెంకట్రాజం లోపలి నుంచి వచ్చాడు. కోప్పడలేదు. "పని టైంల గిదేంది బాబూ? ఎవల దేవుడు ఆళ్లకు. మగ్గాల కాడ పంచాయితి పెట్టకుండ్రి, జర పోండ్రి" అన్నాడు. వాళ్లు వెళ్లిపోయారు. పోతూ పోతూ ఓంప్రకాశ్ నాకు బొటనవేలు ఎత్తి చూపించాడు.

మల్లవ్వ తిట్టలేదు. సాయంత్రం దాకా నాడె తోస్తూనే ఉంది, నేను అందుకుంటూనే ఉన్నాను. రోజూ షెడ్డు గేటు దగ్గర నా కోసం ఆగేది. ఈ రోజు ఆగలేదు.

అక్టోబర్ 28

మల్లవ్వ పోయి చిలుకమ్మ మగ్గం మీద కూర్చుంది. అక్కడి యమునను నా పక్కకు పంపారు.

అక్టోబర్ 31

యమున మంచి పిల్ల. పాతికేళ్లు నిండలేదు, చెవుల్లో పాటలు, చేతుల్లో గాలి. నేను చేయి చాపేలోపే నాడె వచ్చి వేళ్లకు తగులుతుంది. నేను కూడా తొందర మనిషినే కదా, ఇద్దరం పోటీ పడ్డాం. వెంకట్రాజం వచ్చి నేసినంత మేర చూశాడు. ఒక అంచు బిగుసుకుపోయింది, ఇంకో అంచు అలలు తేలింది.

"గిది జంపఖానానా, గుంతల రోడ్డా?" అన్నాడు. ఊడదీయమన్నాడు.

ఊడదీస్తుంటే ఒకటి తట్టింది. మల్లవ్వ చేయి నాకంటే చాలా వేగం. చిలుకమ్మతో నేస్తుంటే ఇక్కడి నుంచి కనబడుతోంది కదా. మరి ఇన్నేళ్లూ నా పక్కన ఎట్లా నేసింది? నా కోసం ఆగింది. ప్రతి నాడెకూ ఆగింది. నాకు ఆ సంగతే తెలియదు.

నవంబర్ 2, ఆదివారం

చర్చిలో నా కోసం ప్రత్యేక ప్రార్థన జరిగింది. ప్రభువు పేరు కోసం షెడ్డులో శ్రమ పడుతున్నానని. ఆడవాళ్లు నా చేతులు పట్టుకున్నారు, ఒకామె కళ్లు తుడుచుకుంది. బాగుంది. నిజం చెప్పాలంటే చాలా బాగుంది.

ఇంటికొచ్చాక మా ఆయన అన్నాడు, "దెబ్బ తగిలింది ఆమెకు, కట్టు నీకు కట్టిండ్రు."

మధ్యాహ్నం ఆయనకు కూర వడ్డించలేదు. ఆయనే వడ్డించుకున్నాడు.

నవంబర్ 3

ఆమె మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. నాకేం అవసరం?

నవంబర్ 4

నాకే అవసరం.

నవంబర్ 5

పని దిగి నేరుగా మల్లవ్వ ఇంటికి వెళ్లాను. వాకిట్లోకి వెళ్లాక గానీ కార్తీక పున్నమి అని గుర్తు రాలేదు. గడప దగ్గర దీపాలు పెడుతోంది. ఆమె భర్త గుండయ్య బావ నన్ను చూసి, "రా చెల్లె" అని లోపలికి తప్పుకున్నాడు. ఇదివరకైతే ఇట్లా పూజ జరిగేటప్పుడు మళ్లీ వస్తానని తిరిగిపోయేదాన్ని.

"దీపాలైనంక మాట్లాడుత. కూసో" అంది.

మెట్టు మీద కూర్చున్నాను. అన్ని దీపాలూ పెట్టేదాకా కూర్చున్నాను. తర్వాత చేతులు కొంగుకు తుడుచుకుని పక్కన కూలబడింది.

"నీ దేవుని మీద నాకేం కోపం లేదు పిల్లా. నువ్వు ముచ్చట చెప్తాంటె ఒక్కనాడన్న నోరు మూసుకోమన్ననా?"

"లేదక్కా."

"పెండ సంగతి అడిగిన, గంతే గద. మరి నా పేరు నువ్వెట్ల రాస్తవు? లగ్గం పత్రిక మీద పేరెయ్యాల్నన్నా మనిషిని ఒక మాట అడుగుతరు. నువ్వు నన్ను అడగకుంట తీస్కపోయి గోడకు ఏలాడగట్టినవ్. అందరి ముంగట నేనేదో దాచినట్టాయె."

నేను కొంగు కొస వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాను.

"ఇంకోటి చెప్త ఇను. ఇన్నేండ్ల సంది నీ దేవుని ముచ్చట నీ నోటెంట వింటాన. అక్కా, మీ మల్లన్న సంగతేంది అని ఒక్కపారన్న అడిగినవా?"

అడగలేదు. "తప్పయిందక్కా" అన్నాను. "సరె" అంది. ఆ సరె అంటే ఏమిటో ఇప్పటికీ తెలియదు.

చాయ్ పోసింది. పండుగ పూట కదా, ఇంట్లో ప్రసాదం ఉంటుంది. నేను తిననని తెలిసి నాకు పెట్టలేదు. అసలు ఇన్నేళ్లలో ఎన్నడూ పెట్టలేదు, తినలేదేం అని అడగలేదు, చిన్నబుచ్చుకోలేదు. ఆ సంగతి చాయ్ తాగుతుంటే తట్టింది. దుఃఖం ఆగలేదు. ఆమె అడ్డు చెప్పకుండా ఏడవనిచ్చింది.

నవంబర్ 9, ఆదివారం

ఆరాధన మొదలుకాకముందే వెళ్లి, కుర్చీ ఎక్కి, మల్లవ్వ నక్షత్రం విప్పాను. పాస్టరయ్య చూశాడు.

"వెనక్కి తగ్గుతున్నావా అమ్మా?"

"లేదయ్యా. ఆమెను అడక్కుండా రాశాను. అందుకే తీస్తున్నాను."

ఆయన నక్షత్రాలు ఒక్కొక్కటీ చూసుకుంటూ గోడ పొడుగునా నడిచాడు. ప్రసంగం అయ్యాక అందరికీ చెప్పాడు. అడిగి రాసినవాళ్లవి ఉంచండి, అడక్కుండా రాసినవి తీసేయండి, ఈ మాట నేను మొదటే చెప్పాల్సింది, నాదీ తప్పే అని. అందరూ కుర్చీల కోసం వెతుక్కున్నారు. చూస్తుండగానే గోడ సగానికి పైగా బోసిపోయింది. ఈ తప్పు నా ఒక్కదానిదే కాదని తెలిసి కొంచెం సంతోషం వేసింది. ప్రభువు క్షమించాలి.

ఓంప్రకాశ్ తల వంచుకుని వచ్చాడు. "అక్కా, నేను గూడ పోయి ఆమెకు సారీ చెప్పాల్నా?"

"చెప్పు. గిటార్ ఇంట్ల పెట్టి పో."

నవంబర్ 10

నక్షత్రం తీసుకెళ్లి మల్లవ్వ చేతిలో పెట్టాను. "ఇగో అక్కా. తీసేసిన."

వెలుగులోకి పట్టి చూసింది. "గింత పెద్దగ రాసినవా నా పేరు? ఓట్ల లిస్టుల గూడ గింత పెద్దగ లేదు."

మడిచి నడుముకు దోపుకుంది. చిలుకమ్మ మగ్గం వైపే వెళ్లింది. అయినా పోతూ ఒకసారి తిరిగి చూసింది. లేదా నాకట్లా అనిపించింది.

నవంబర్ 12

ఓంప్రకాశ్ వచ్చాడు. గిటార్ లేదు. మల్లవ్వ అతనికి బెల్లం పల్లీలు పెట్టింది. నాకు పెట్టలేదు.

నవంబర్ 17, సోమవారం

వచ్చింది! పొద్దున నేను దారాలు సరిచేసుకుంటుంటే ఆ చివర పీట మీద ఎవరో కూర్చున్న చప్పుడయింది. తలెత్తితే మల్లవ్వ.

"చిలుకమ్మ నాడె తోస్తలేదు, ఇసురుతాంది. నా ఏళ్లన్ని వాచినయ్" అంది, నా వైపు చూడకుండా.

నాకు లేచి గంతులు వేయాలనిపించింది. యమున తన గంప తీసుకుని చిలుకమ్మ దగ్గరికి పోయింది. నేను ఏమీ ఎరగనట్టు నాడె అందుకున్నాను. కొంచెం సేపయ్యాక అడిగాను, "అక్కా, మీ అయినవోలు మల్లన్న సంగతి జర చెప్పవా?"

ఆమె చేయి ఆగింది. నేను వేళాకోళం చేస్తున్నానేమో అని ముఖంలోకి చూసింది.

"నిజంగనే అడుగుతానవా?"

"నిజంగనే."

సాయంత్రం దాకా చెప్పింది.

నవంబర్ 21

వినడం ఇంత పెద్ద పని అనుకోలేదు. ఒళ్లంతా నొప్పులు.

చిన్నప్పుడు వాళ్ల నాయన భుజాల మీద ఎక్కించుకుని జాతరకు తీసుకుపోయేవాడట. జనం చల్లే పసుపు బండారి గాలిలో ఎగిరి మనుషుల ముఖాలు గుర్తుపట్టరాకుండా అయ్యేవట. మల్లన్న కథలు పాడే ఒగ్గువాళ్లు నేల మీద రంగులతో పట్నమనే ముగ్గు వేసి కథ చెబుతుంటే వాళ్ల నాయన ఏడ్చేవాడట. అంత పెద్ద మనిషి దేవుని ముందు ఏడవడం చూసి ఈమెకూ ఏడుపొచ్చేదట. ఇది చెబుతుంటే మల్లవ్వ ముఖం చిన్నపిల్ల ముఖంలా అయింది.

"మా దాంట్ల గూడ" అని మాట నోటిదాకా వచ్చింది. నాలుక కరుచుకున్నాను. నిజంగానే కరుచుకున్నాను, పచ్చిపులుసు తగిలితే మంట.

మా ఆయనకు ఈ కథలన్నీ చెబుతున్నాను. "నువ్వే అటు దిక్కు పోతవేమో సూడు" అని ఆటపట్టిస్తున్నాడు. పోను. నా ప్రభువు నాకు నిన్న ఎంతో ఈ రోజూ అంతే. ఆమెకి ఆయన్ని చెప్పాలన్న ఆశ ఇసుమంత కూడా తగ్గలేదు, ఇంకా పెరిగింది. ఆమె అడిగితేనే చెప్పాలని ఒట్టు పెట్టుకున్నాను. అడగకపోతే? అడగకపోతే ఇదే మగ్గం మీద నాడె అందుకుంటూ ముసలిదాన్నవుతాను.

డిసెంబర్ 3

అడగలేదు.

డిసెంబర్ 8

అడగలేదు. నేనూ ఎత్తలేదు. కనీసం వాన కూడా పడలేదు.

డిసెంబర్ 15

గుండయ్య బావకు మోకాళ్ల నొప్పులు. మల్లవ్వ దవాఖానకు తీసుకుపోయి వచ్చింది. "ప్రార్థన చేస్త అక్కా, చేయాల్నా?" అని అడిగాను. "చేస్తే చెయ్యి, మోకాలు ఆయనదే గద, వద్దనడు" అంది. ఇంట్లో కూర్చుని చేశాను. ఎవరికీ చెప్పలేదు. డైరీలో రాస్తే చెప్పినట్టు కాదు.

డిసెంబర్ 21, ఆదివారం

క్రిస్మస్ ముందు ఆదివారం. పిలిచిన మనుషులను ఈ రోజే తీసుకొచ్చి కూర్చోబెట్టారు కొందరు. ఓంప్రకాశ్ తన స్నేహితుణ్ణి తెచ్చాడు, ఆ అబ్బాయి ఎప్పుడు లేవాలో ఎప్పుడు కూర్చోవాలో తెలియక అందరికంటే ఒక అడుగు వెనకబడుతుంటే ముద్దొచ్చాడు. అందరికంటే మొదట చేయెత్తిన నా పక్కన మా ఆయన తప్ప ఎవరూ లేరు. సిగ్గేస్తుందనుకున్నాను, వేయలేదు.

వేసింది. కొంచెం.

డిసెంబర్ 22, సోమవారం

వరసగా రాయాలి.

నిన్న మల్లవ్వ సుబేదారిలో చుట్టాలింటికి పోయి వచ్చిందట. ఈ పొద్దున రెండు వరసలు నేశామో లేదో అడిగింది.

"సునీతా, సుబేదారిల మీవోళ్ల ఇండ్ల మీద అన్ని నక్షత్రాలే. లోపల బల్బులు. ఎందుకే గవి? నా పేరు గూడ నక్షత్రం మీదనే రాస్తివి. పువ్వు మీద రాయొచ్చు గద?"

ఆమె నాడె పట్టుకుని ఎదురుచూస్తోంది.

"ఏందే? అడగకముందేమో నోరు మూతపడకపోయేది. అడిగితే ఉలుకు లేదు పలుకు లేదు."

"చెప్పాల్నా అక్కా?"

"అడుగుతాన గదనే."

"ప్రభువు పుట్టినప్పుడు ఆకాశంల..."

"ఆగు ఆగు. పుట్టిండంటే తల్లి ఉంటది గద. ఆ తల్లి కాడి నుంచి చెప్పు. నక్షత్రం తర్వాత."

ఎప్పుడూ పాపం దగ్గర నుంచి మొదలుపెట్టేదాన్ని, లేదా లోకం పుట్టిన దగ్గర నుంచి. తల్లి దగ్గర నుంచి ఎన్నడూ చెప్పలేదు. మరియమ్మ అని ఒక పిల్ల, పేదింటి పిల్ల అన్నాను. ఆమె పెనిమిటి వడ్రంగి పని చేసుకునేవాడన్నాను. పిల్లకు నెలలు నిండినప్పుడు జనాన్ని లెక్కపెడతామని, ఎవరి ఊరికి వాళ్లు పోయి పేరు రాయించుకోవాలని పైవాళ్లు హుకుం వేశారన్నాను.

"నిండు చూలాలిని అంత దూరం తోలిండ్రా? మన కాడనే నయం, ఇంటికే వచ్చి రాసుకపోతరు."

"పోయిండ్రక్కా. ఆ ఊరి పేరు బెత్లహేము. పోయేసరికి నొప్పులు వచ్చేటట్టున్నయి. ఉందామంటే జాగ దొరకలేదు."

నాడె ఆమె చేతిలోనే ఆగిపోయింది.

"ఊరంత తిరిగిండ్రా?"

"తిరిగిండ్రు. జాగ లేదన్నరు."

"జాగ లేక కాదు" అంది మల్లవ్వ. "పురుడు అని. కడుపు చూసి తలుపేసిండ్రు."

తర్వాత తనది చెప్పింది. పెద్దకొడుకు కడుపులో ఉన్నప్పుడు ఇదే కొత్తవాడలో కిరాయికుండేవాళ్లట. నెలలు నిండాక ఇంటాయన వచ్చి, పురుడు మా ఇంట్లో వద్దు, మైల, ఖాళీ చేయండి అన్నాడట. "మీ బావ సామాన్లు నెత్తిన పెట్టుకొని వాడ వాడ తిరిగిండు. ఎనక నేను. రూము చూపెట్టుడు, నా కడుపు చూసుడు, ఇప్పుడే వేరేటోళ్లకు ఇచ్చినం అనుడు. ఒకామె అయితె మంచినీళ్లిచ్చి మరీ వద్దన్నది." ఆమె పక్కన కూర్చుని ఇన్నేళ్లు నేశాను, ఈ సంగతి నాకు తెలియదు. ఆ కథ కూడా నేను ఎన్ని క్రిస్మస్‌లు చెప్పానో, జాగ లేదు అన్న ముక్క దగ్గర ఒక్కసారి కూడా ఆగలేదు. ఊపిరి తీసుకోకుండా పశువుల పాకలోకి పోయేదాన్ని.

ఆమె ఏడవలేదు. తిట్టడం మొదలుపెట్టింది. వాళ్ల ఇండ్లు కూలిపోను, వాళ్ల తాళాలు తుప్పు పట్టిపోను, ఆడమనిషి కడుపున పుట్టలేదా వాళ్లు, అని. అన్నీ రాయలేను, ఇది చర్చికి పోయేవాళ్ల డైరీ. చిలుకమ్మ మగ్గం ఆపేసింది.

"ఎవలను తిడుతానవ్ మల్లవ్వా?"

"బెత్లహేమోళ్లను."

"గా వాడ ఏడున్నది?"

"ఏడుంటె నీకేందే? ఇంటి ఓనర్లు అంతట ఒక్కతీరే."

సాయంత్రం దాకా ఆమె ఆ ఊళ్లోనే ఉంది. తిట్టింది, కాసేపు ఊరుకుంది, మళ్లీ తిట్టింది. తర్వాతి కథంతా నా నాలుక చివరనే ఉంది. పాక, పసిబిడ్డ, గొర్లకాపరులు, నక్షత్రం. చెప్పేయొచ్చు. చెప్పలేదు. ఆమె ఆ పిల్ల వెనకే ఆ ఊళ్లో తిరుగుతోంది, నేను రెక్క పట్టుకుని లాగడమెందుకు? పని దిగే గంట కొట్టారు. గేటు దాకా ఇద్దరం కలిసే నడిచాం.

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. అన్నం కలుపుతున్నవాడు చేయి ఆపాడు.

"జాగ దొరకలేదన్న కాడ్నే ఆపినవా?"

"ఆపిన."

"నువ్వా?"

డిసెంబర్ 23

రోజూ షెడ్డుకు ముందు వచ్చేది నేను. ఈ రోజు మల్లవ్వ నాకంటే ముందే వచ్చి గేటు దగ్గర నిలబడి ఉంది. రాత్రి గుండయ్య బావకు అంతా చెప్పిందట. ఆయనకు నిద్ర పట్టలేదట, ఈమెనూ పడుకోనివ్వలేదట.

నేనింకా చెప్పులు కూడా విడవలేదు, నా చేతిలో టిఫిన్ డబ్బా లాక్కుని కింద పెట్టింది.

"ఇగో సునీతా, మగ్గం తర్వాత. ముందుగాల ఒక్కటి చెప్పు. మీ బావ గూడ అడుగుమన్నడు. ఆ పిల్లకు జాగ దొరికిందా, లేదా?"

"కూసో అక్కా, చెప్త" అన్నాను.

ఆమె కూర్చోలేదు.